నలభై ఒకటో టోకెన్

ధర్మవరంలో ముప్పై ఏళ్లు మగ్గం నేసిన మారప్ప, నడుము పట్టేశాక హిందూపురం బయట ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో గేటు కాపలాకు కుదిరాడు. 2007లో ఆ ఫ్యాక్టరీ వాళ్లు కొత్త రూలు పెట్టారు. సెల్‌ఫోన్ లోపలికి తీసుకుపోకూడదు. గేటు దగ్గర చెక్కపెట్టెలో పెట్టి, రేకు టోకెన్ తీసుకోవాలి. సాయంత్రం ఆరు దాకా ఏ ఫోను మోగినా ఎవరూ ఎత్తకూడదు.

మొదట్లో పెట్టె పొద్దంతా మోగుతూనే ఉండేది. పోను పోను ఇళ్లలో వాళ్లకు అర్థమై, ఫోన్లు చేయడం మానుకున్నారు.

ఒక మంగళవారం మధ్యాహ్నం రెండింటికి నలభై ఒకటో టోకెన్ ఫోను మోగింది. రోజూ పెనుకొండ నుంచి బస్సులో వచ్చి మిషన్ కుట్టే మంజులది. ఆగింది. మళ్లీ మోగింది. మళ్లీ. మారప్పకు కుదురు లేక లోపలికి పోయి సూపర్‌వైజర్ నరేష్‌కు చెప్పాడు.

"మోగనీప్పా. ఒకరికి ఇస్తే అందరికీ ఇయ్యాల," అన్నాడు నరేష్.

నాలుగు దాటాక అదే ఆగిపోయింది.

ఆరింటికి మంజుల చూసుకుంటే ముప్పై రెండు మిస్డ్ కాల్స్. అన్నీ వాళ్లమ్మ తిప్పమ్మవే. పొలం కాడ కొట్టంలో ఒక్కతే జారిపడి, లేవలేక, తనకు తెలిసిన ఒకే ఒక్క నంబరుకు చేస్తూ చేస్తూ పోయింది ఆ ముసలామె. వేళ్లు బిగుసుకుపోయి చేతిలో ఫోను ఊడిరాలేదు. దాంతోనే పూడ్చేశారు.

పన్నెండో రోజు మంజుల పనికి వచ్చింది. ఏడవలేదు. ఒక్క మాట అనలేదు. ఫోను ఇచ్చి టోకెన్ తీసుకుంది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండునని మారప్పకు అనిపించింది.

ఆ మధ్యాహ్నం రెండింటికి నలభై ఒకటో ఫోను మోగింది.

తెర మీద 'అమ్మ' అని ఉంది.

మారప్ప దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. భయం కూడా కలగలేదు. బయట ఎండ మండిపోతోంది. గదిలో మాత్రం తడిమట్టి వాసన... అప్పుడే తవ్విన మట్టి వాసన...

ఈసారి ఎత్తాడు.

ఊపిరి. దాని వెనక ఏదో గీరుతున్న చప్పుడు...

"మే మంజులా... లేయలేకుండా ఉండా మే..."

"నేను గేటు కాడ మనిషినమ్మా," అన్నాడు మెల్లగా.

గీరుతున్న చప్పుడు ఆగింది.

"మా పాపను పిలువప్పా..."

పోయాడు. మిషన్ల మోతలో మంజుల చెవి దగ్గరికి వంగి చెప్పాడు. ఆమె తల ఎత్తలేదు. సూది ఆగలేదు.

"పని వదిలి రాకూడదు కదన్నా. షిఫ్టు అయినాక వస్తానని చెప్పు."

మారప్ప తిరిగొచ్చి ఆ మాటే చెప్పాడు.

"సరే," అంది గొంతు.

సాయంత్రం మంజుల ఫోను తీసుకుని బస్సెక్కింది.

తెల్లారి అందరికంటే ముందు వచ్చింది. గోళ్ల నిండా ఎర్రమట్టి. మోచేతుల దాకా గీసుకుపోయి ఉంది. పెట్టెలో రెండు ఫోన్లు పెట్టింది. రెండోదాని బటన్ల సందుల్లో మట్టి.

"రెండింటికీ ఒకే టోకెన్ చాలన్నా," అంది. మారప్ప నలభై ఒకటో టోకెన్ ఇచ్చాడు.

రెండింటికి పెట్టె మోగింది. మంజుల ఫోను కాదు. అది చీకటి తెరతో పక్కనే పడి ఉంది. మోగుతున్నది మట్టి ఫోను. తెర మీద మంజుల పేరు.

మారప్ప దాన్ని ముట్టుకోలేదు. ఎవరో ఎత్తినట్టు మోత దానంతట అదే ఆగింది. లేచి కిటికీలోంచి లోపలికి చూశాడు. నాలుగో వరసలో మంజుల తల వంచుకుని కుడుతోంది. రెండు చేతులూ గుడ్డ మీదే ఉన్నాయి.

పెదాలు మాత్రం కదులుతున్నాయి... మధ్యమధ్యలో ఆగి, ఎవరో చెప్పేది వింటున్నట్టు తల ఊపుతోంది.