పదకొండు నెలల కాగితం

మెహర్ సంచీ సర్దుతోంది. అడుగున పుస్తకాలు పెట్టింది. వాటి మీద మడత నలగకుండా తెల్ల ల్యాబ్ కోటు పరిచి, ఆ పైన బట్టలు పేర్చుతోంది. గది గడప మీద కూర్చుని విశ్రాంతమ్మ ఆ చేతులనే చూస్తోంది. మోకాళ్లు పట్టుకుని పద్దెనిమిది మెట్లెక్కి వచ్చిందామె. ఎందుకెక్కావని ఎవరైనా అడిగితే మేడ మీద ఎండబోసిన మిర్చి తిరగేయడానికని చెప్పొచ్చు. కానీ మిర్చి వైపు ఇంకా చూడనే లేదు.

ఎవరైనా సంచీ సర్దుతుంటే విశ్రాంతమ్మ చూస్తూ ఓర్చుకోలేదు. చూడకుండా ఉండనూ లేదు.

"కోటు కింద పెట్టినవేంది బిడ్డా? రేపు కాలేజీకి కావాలె కదా."

"కాలేజీ ఏడుంది అమ్మమ్మా ఇంక? ఆదివారం లోపు ఖాళీ చేయమన్నడు లూకా అంకుల్. ఎల్లుండి పొద్దున బస్సుకు పోత."

"పరీక్షలు?"

"ఏప్రిల్ పదిహేను నుంచి ప్రాక్టికల్స్. హాస్టళ్లన్నీ తిరిగిన. ఏడాది నడుమ ఎవరూ చేర్చుకుంటలేరు. అబ్బా ఇంటికి రమ్మన్నడు."

మెహర్ వాళ్లది దుమ్ముగూడెం. నాన్న ఖయ్యూం అక్కడ దర్జీ. ఈ పిల్ల ఖమ్మంలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చివరి ఏడు చదువుతూ, ఖానాపురం హవేలిలో విశ్రాంతమ్మ వాళ్ల ఈ మేడమీది గదిలో కిరాయికి ఉంటోంది. అక్కడి నుంచి రోజూ వచ్చిపోయే దారి కాదు.

"మరి మళ్లీ ఎప్పుడొస్తవ్?"

"వచ్చే ఏడు వచ్చి రాస్త," అంది మెహర్, తల ఎత్తకుండా.

అట్లాంటి మాటే విశ్రాంతమ్మ ఇంతకు ముందొకసారి ఇదే గడప మీద విన్నది. అందుకే లేవబోయినది మళ్లీ కూర్చుంది.

అలమరలో పరిచిన పాత పేపరు ఎత్తితే దాని కింద ప్లాస్టిక్ కవరొకటి కనిపించింది. మెహర్ దాన్ని చెత్తబుట్ట పక్కన పడేసింది.

"అదేంది?"

"అగ్రిమెంటు. ఇంకేం పనికొస్తది?"

"ఇటియ్యి."

విశ్రాంతమ్మ బడికి పోలేదు. పెళ్లయ్యాక చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని, నోటికొచ్చిన పాట మీద వేలు పెట్టి ఏ అక్షరం ఏదో తనే పోల్చుకుంది. అప్పటి నుంచి అచ్చయినదేదైనా చదవాల్సిందే. బజ్జీలు కట్టిన కాగితమూ, మందుల డబ్బాలోని చీటీ కూడా వదలదు. కోడలు స్తుతి అందుకే నవ్వుతుంది: "అత్తమ్మకు మిర్చి బజ్జి తెచ్చిస్తే బజ్జి చల్లారాలె, ముందు పొట్లం చదవాలె."

ఇంతలా చదివే మనిషి ఈ కాగితం మాత్రం చదవలేదు. పోయిన జూన్‌లో కొడుకు లూకా వచ్చి, ఆటో ఎదురుచూస్తోందని తొందరపెడితే, కళ్లజోడు వెతుక్కునే తీరిక లేక చూపించిన చోట సంతకం గీసింది. ఇప్పుడు వేలు పెట్టి చదవడం మొదలుపెట్టి, మొదటి వాక్యంలోనే ఆగిపోయింది.

"గృహ యజమానురాలు శ్రీమతి విశ్రాంతమ్మ, భర్త లేటు దావీదు."

ఇంకో విశ్రాంతమ్మ ఉందేమోనని కింద చూసింది. అక్కడ తన వంకర సంతకమే ఉంది. నిజమే. ఆ కాలంలో సర్కారు స్థలాలు ఆడవాళ్ల పేరు మీద ఇచ్చింది, పట్టా తన పేరునే వచ్చింది. ఇంటి పన్ను చీటీ కూడా ఏటా తన పేరునే వస్తుంది. వీధి గోడ రంగు తెలిసినట్టే ఆమెకు ఆ సంగతి తెలుసు. దానితో తనకేదో పని ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

"బిడ్డా, ఇది విను," అని గొంతు సవరించుకుని చదివింది. "పదకొండు నెలల గడువు లోపల ఖాళీ చేయించవలసి వచ్చినచో, యజమానురాలు తన సంతకముతో రెండు నెలల ముందుగా నోటీసు ఇవ్వవలెను. కిరాయి సక్రమముగా చెల్లించువారికి నీరు, కరెంటు నిలుపరాదు. గట్లనే ఉన్నది. ఎవరి సంతకం? నాది. నేనేమన్న నోటీసు ఇచ్చిన్నా?"

మెహర్ చేతిలోని దువ్వెన సంచీలో పడకుండా ఆగింది. "నోటితో చెప్పిన్రు అంతే. అమ్మమ్మా, ఇంకో మాట. మోటారు చెడిపోయిందని మీకు చెప్పిన్రు గదా, అది చెడిపోలేదు. సోమవారం నుంచి పైకి వచ్చే వాల్వు కట్టేసిన్రు. నేను కింది నుంచి బకెట్లు మోసుకుంటున్న. మీరు బాధపడతరని చెప్పలే."

విశ్రాంతమ్మ మూలనున్న రెండు బకెట్ల వైపు చూసింది. కొళాయి కింద ఇంకో ఖాళీ బకెట్ ఉంది, ఎప్పుడైనా వస్తాయేమోనని పెట్టినట్టు. ఆమె కాగితం కొంగులో చుట్టి మెట్లు దిగింది. కొడుకుతో గట్టిగా మాట్లాడి ఎరగదు. దావీదు పోయాక ఈ ముసలితనానికి ఆసరా వాడొక్కడే. ఇల్లు నాదన్న మాట నోరు జారి వస్తే వాడి మనసు విరిగి, పెళ్లాన్ని తీసుకుని వెళ్లిపోతాడేమో. ఆ పిల్ల సంచీ ఆపబోతే కొడుకు సంచీ బయటికొస్తుందేమో.

లూకా ఉప్మా తిని చెయ్యి కడుక్కుంటున్నాడు. గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, తొమ్మిదికల్లా బయలుదేరాలి. స్తుతి టిఫిన్ డబ్బా మూత బిగిస్తోంది.

"లూకా, మెహర్ పోవద్దు," అంది విశ్రాంతమ్మ.

"పొద్దున్నే ఏంది అమ్మా గీ లొల్లి? జస్టిన్‌కు ట్రాన్స్‌ఫర్ అయింది. పదో తారీకుకు పెళ్లాంతోటి వస్తుండు. గది కావాలె."

స్తుతి గొంతు తగ్గించి అంది. "అత్తమ్మా, అమ్మానాన్న పోయినంక వాణ్ని నేనే సాకిన. పుట్టి బుద్ధెరిగి నా తమ్ముడు నన్నొకటి అడగలే. ఇదే మొదలు. అయినోనికి లేని గది ఎవరికో ఎట్లిస్తం?"

అందులో అబద్ధం లేదు. విశ్రాంతమ్మకు కోడలి మీద జాలే కలిగింది. అయినా కొంగు విప్పి కాగితం బల్ల మీద పరిచింది.

"ఏప్రిల్ ఆఖరు దాకా గది ఆ పిల్లదే. ముందే పొమ్మనాలంటే రెండు నెలల నోటీసు కావాలె. ఇయ్యాల ఇచ్చినా మే వస్తది. నీళ్లు కట్టేయొద్దని సుత రాసుంది."

లూకా నవ్వాడు. "అదంతా జిరాక్స్ షాపోడు అమ్మే కాగితం. ఎవరు చదువుతరు దాన్ని?"

"నేను చదివిన."

"చదివితే? ఇంట్లో మంచి చెడ్డ చూసేది నేను కాదా? నోటీసే కావాలంటే రాస్త తియ్యి."

"దాని మీద నా సంతకం కావాలె. నేను పెట్ట."

లూకా ముఖం నల్లబడింది. "అంటే ఇల్లు నీదని చెప్తున్నవు. ఇన్నేళ్లకు నేను నీ ఇంట్ల కిరాయికున్నట్టా? చెప్పు, మేం కూడా సర్దుకోవాలెనా?"

ఆమె భయపడిన మాట వచ్చేసింది. స్తుతి టిఫిన్ డబ్బా పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. విశ్రాంతమ్మ గోడ పట్టుకుంది.

"ఇల్లు నాదని అంటలేను నాయనా. ఇల్లు నీదే, నా కడుపున పుట్టినోడివి, నా పాడె మొయ్యాల్సింది నువ్వే. సంతకం ఒక్కటి నాదంటున్న. నా సంతకం చూసి ఒక తండ్రి పిల్లను ఈడ వదిలిపెట్టిండు."

లూకా విసురుగా మెట్ల కిందికి వెళ్లి, రోజూ కూర్చునే చోట కూర్చుని బూట్లు తొడుక్కోసాగాడు.

"నువ్వు దేని మీద కూర్చున్నవో ఎరుకేనా?" అంది తల్లి.

లూకా కిందికి చూశాడు. రేకు పెట్టె. నీలం రంగు సగం ఊడిపోయింది.

"ముత్తమ్మ పెట్టె అది," అంది విశ్రాంతమ్మ. "రెండేళ్ల కింద పైన ఉన్న కోయ పిల్ల. టైల్స్ వేయించాలె, వారం రోజులు ఊరికి పో అన్నవు. నేను పులిహోర కట్టిచ్చి పంపిన. పరీక్షలకు వస్త, పెట్టె మోయలేను అమ్మమ్మా, ఈడనే ఉంచున్రి అన్నది. అందులో ఏముందో అని రెండేళ్లు అనుకున్న. తెరవాలంటే భయమైంది."

లూకా ఒక బూటుతోనే లేచి పట్టకారు తెచ్చాడు. తుప్పు పట్టిన తాళం రెండు తిప్పులకే ఊడింది.

లోపల అట్టలు వేసిన రికార్డు పుస్తకాలు నాలుగున్నాయి. లూకా ఒకదాన్ని తెరిచాడు. కప్ప బొమ్మ, దాని గుండె, ఎర్ర పెన్నుతో టీచరు పెట్టిన టిక్కులు. సగం దాటాక పేజీలన్నీ తెలుపు.

"ఇవి లేకపోతే ప్రాక్టికల్స్‌కు రానియ్యరు కదా," అంది స్తుతి మెల్లగా. "అంటే ఆ పిల్ల రాయలేదా?"

పుస్తకాల అడుగున ప్లాస్టిక్ కవరులో మడిచిన కాగితం కనిపించింది. విశ్రాంతమ్మ అందుకుంది. అదే జిరాక్స్ కాగితం, అవే మాటలు. పదకొండు నెలలు. రెండు నెలల నోటీసు. గృహ యజమానురాలు శ్రీమతి విశ్రాంతమ్మ. కింద తన వంకర సంతకం.

"నా కాళ్ల కిందనే ఉన్నది," అంది ఆమె. "వద్దని నేనొక్క మాట అంటే ఆ పిల్ల పోకపోతుండె. ఊరి కాగితాలన్నీ చదివిన. ఇదొక్కటి చదవలే." అక్కడే మెట్టు మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

లూకా పక్కన కూర్చున్నాడు. తల్లి చెయ్యి పట్టుకోవడం మరిచిపోయి ఎన్నేళ్లయిందో, ఎట్లా పట్టుకోవాలో తోచక ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "పొమ్మన్నది నేనమ్మా. నువ్వు కాదు." ఆ తర్వాత లేచి పెరట్లోకి వెళ్లాడు.

"జస్టిన్‌కు నా గది ఇయ్యి," అంది విశ్రాంతమ్మ కోడలితో. "నా మంచం హాల్లో వేసుకుంట. రెండు నెలలే కదా."

"హాల్ల మీకు నిద్ర పట్టదు అత్తమ్మా. గడియారం చప్పుడుకే లేస్తరు."

"మేలుకుంటే చదువుకుంట. పొట్లాలు దాచిపెట్టు."

స్తుతి నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. ఫోన్ చేస్తే అవతల జస్టిన్ అన్నాడట, "నేను గది అడిగిన గానీ ఎవర్నో ఎల్లగొట్టమన్ననా అక్కా?" అని.

అంతలో మేడ మీద ఖాళీ బకెట్లో నీళ్లు పడిన చప్పుడు వినిపించింది. ఆ వెనకే, "అమ్మమ్మా, నీళ్లొచ్చినయ్," అన్న మెహర్ గొంతు.

"కోటు పైకి తియ్యి," అని కింది నుంచే చెప్పింది విశ్రాంతమ్మ.

మెహర్ పరీక్షలన్నీ రాసింది. ఏప్రిల్ ముప్పైన ఖయ్యూం వచ్చి కూతుర్ని తీసుకెళ్లాడు. ఆ రోజు లూకా కూడా రేకు పెట్టె ఆటోలో వేయించుకుని వాళ్లతో వెళ్లాడు. చర్ల దారిలో ముత్తమ్మ వాళ్ల ఊరు వెతికి పట్టుకున్నాడు. ఆ ఇంటికి తాళం ఉంది. ఇంటిల్లిపాదీ ఎప్పుడో పనులకని రాష్ట్ర సరిహద్దు దాటి పోయారని, ఎక్కడున్నారో ఎరగమని పక్కింటివాళ్లు చెప్పారు. పెట్టె మళ్లీ మెట్ల కిందికే వచ్చింది. ఇప్పుడు దాని మీద ఎవరూ కూర్చోరు.

జూన్‌లో మెహర్ వచ్చింది, మార్కుల మెమో చేత పట్టుకుని. విశ్రాంతమ్మ దాన్ని వేలు పెట్టి చివరిదాకా చదివింది.

సోడె ముత్తమ్మ రాలేదు. రెండువేల ఇరవై రెండు ఫిబ్రవరి పదకొండు, శుక్రవారం పొద్దున ఏడు గంటలకు ఆమె మెట్లు దిగి వెళ్లింది. మళ్లీ రాలేదు.