అరలో లేని పడవ

మధ్యాహ్నం రెండున్నర. జెనీవాలో అంతర్జాతీయ నదీజలాల సంఘం ప్రధాన కార్యాలయం. సభ్యదేశాలు ఇచ్చిన కానుకల హాలు.

"ఇది పెరూ ఇచ్చిన వెండి చేప. పక్కనే పోలండ్ వాళ్ళ తేనెరంగు అంబర్ రాతి పడవ..." అంటూ గైడు కెతెవాన్ ఆగిపోయింది.

ఆమె వేలు చూపించిన చోట అరలో పోర్చుగల్ కూజా ఉంది. పడవ లేదు.

కబురందగానే రాయబారుల మర్యాదలు, కానుకలు చూసుకునే ప్రోటోకాల్ అధికారి టిసో వచ్చాడు. తలుపులకు తాళం వేయించాడు. సందర్శకుల జేబులతో సహా వెతికించాడు. ఏమీ దొరకలేదు.

ఆ హాలు కిటికీలు తెరుచుకోవు. ఉక్క. పాస్‌పోర్టులు గేటు దగ్గరే లాగేసుకున్నారు కాబట్టి గట్టిగా అరిచే ధైర్యం ఎవరికీ లేదు.

"రెండూ ఇరవై అయిదుకి లైట్లు వెయ్యడానికి నువ్వొక్కదానివే వచ్చావు. గుమ్మం కెమెరాలో ఉంది," అన్నాడు టిసో. "పడవేది?"

"తెలీదు సార్. లైట్లేసి నిమిషంలో వెళ్ళిపోయాను."

"ఒప్పుకో, తలుపులు తీయిస్తాను. లేదంటే ఈ సాయంత్రమే నీ ఉద్యోగం ఊడుతుంది."

ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండే కార్డూ పోతుంది. జార్జియా నుంచి వచ్చిన కెతెవాన్‌కీ, ఇక్కడి బళ్ళో చదువుతున్న ఆమె కొడుక్కీ ఆ కార్డే ఆధారం.

"అమ్మాయ్! మా దేశం పడవ చూపిస్తానని తీసుకొచ్చి దొంగల వరసలో నిలబెట్టావేంటే?" సందర్శకుల్లోంచి హలీనా అనే ముసలావిడ గొణిగింది. "పోలీసువే కదా, కదులు!"

ఆ అమ్మాయి జోసియాన్ రొషా. జెనీవా పోలీస్ ఇన్‌స్పెక్టర్. పోలండ్ నుంచి వచ్చిన మొగుడి మేనత్తను ఊరు తిప్పడానికి సెలవు పెట్టింది.

టిసో నవ్వాడు. "మేడమ్, ఇది అంతర్జాతీయ సంస్థ. మేం పిలిస్తే తప్ప ఈ గేటు లోపల మీ పోలీసు అధికారం చెల్లదు."

"తెలుసు. అత్తయ్యతో వచ్చిన టూరిస్టుని, అంతే. ఒక్క మాట అడగొచ్చా? పడవ ఎంతుంటుంది?"

"మూరెడు."

"మరి మూరెడు ఖాళీ ఏదండీ?"

అందరూ అర వైపు చూశారు. ఖాళీ ఎక్కడా లేదు. ఏడు కానుకలు, ఏడు ఇత్తడి పేరు పలకలు. ఎడం అన్నిటికీ సమానం.

"దొంగ ఎత్తుకుని ఉడాయిస్తాడు," అంది రొషా. "మిగిలినవన్నీ జరిపి, పేరు పలకలు కూడా సర్ది, ఎడాలు సరిచూసుకుని పోతాడా? అదీ ఒక్క నిమిషంలో?"

"అంటే?"

రొషా అర ముందు కట్టిన తాడు దాటి వెళ్ళి వెండి చేపను బెత్తెడు పక్కకు నెట్టింది.

సందర్శకులు బిత్తరపోయి ఆమె ముఖం చూశారు. కెతెవాన్ కళ్ళు మూసుకుంది. టిసో మాత్రం ఒక్క అంగలో వచ్చి చేపను దాని చోటికి జరిపాడు.

జరిపాక గానీ తన చెయ్యి ఏం చేసిందో అతనికి తెలియలేదు.

"పెరూకీ పోర్చుగల్‌కీ మధ్య వేలెడు ఎడం తేడా వస్తే రాయబారులు అలుగుతారు," అంది రొషా. " ఆ భయం మీ చేతిలో జీర్ణించుకుపోయింది. పడవ తీసేశాక ఆ ఖాళీని భరించలేక సర్దేశారు. మీ పేరు రాసున్న గది తలుపు అదిగో, హాల్లోకే. దాని మీద కెమెరా లేదు. అవునా?"

టిసో కుర్చీలో కూలబడ్డాడు.

"పొద్దున తుడుస్తుంటే తెరచాప విరిగింది. రేపు పోలండ్ రాయబారి వస్తున్నాడు. ఇరవై ఏళ్ళుగా నా వల్ల ఒక్క పొరపాటు జరగలేదు. దొంగతనమంటే నా పేరు బయటికి రాదనుకున్నాను. పడవ నా బీరువాలో ఉంది."

హలీనా అతని ముందుకెళ్ళి నిలబడింది.

"తెరచాపదేముందయ్యా, జిగురుపెట్టి అతికిస్తాం. పిల్లాడితో సహా ఈమెను దేశం నుంచి గెంటిద్దామనుకున్నావే! నువ్వూ ఒక మనిషివేనా?"

టిసో తల ఎత్తలేదు. "క్షమించు కెతెవాన్. ఈ మాట గది దాటనివ్వకు."

కెతెవాన్ తలుపు వైపు నడిచింది. ఇంతసేపూ దిగమింగిన ఏడుపు ఒక్కసారిగా బయటికొచ్చింది.

"తలుపు తియ్యండి సార్. మావాడి బడి వదిలే వేళైంది."

అతను జేబులోంచి తలుపు తెరిచే కార్డు తీశాడు. కెతెవాన్ దాన్ని లాక్కుంది. తనే తలుపు తీసింది. పన్నెండుమంది సందర్శకుల్నీ ముందు పంపి, అందరికీ వినపడేలా, "పడవ విరగ్గొట్టింది టిసో గారే!" అని వరండాలోకి కేకేసింది.