ఎల్లమ్మకు ఎవరి జుట్టు?

కామాటిపురలో వరుస గదుల పాత మేడ, ఆ చాల్‌లో నల్లా నీళ్లు వచ్చే వేళ. మూడో అంతస్తు గదుల ముందరి గ్యాలరీలో డ్రమ్ము నింపుతూ, జడ వేసుకుంటున్న మనవరాలు హారికను సాయమ్మ ఓరగా చూసింది. మంగళవారం ఆ పిల్లకు కడుపులో గడ్డ తీసే ఆపరేషన్.

"నీకోసం ఎల్లమ్మకు మొక్కిన బిడ్డా."

"మొక్కుకో అవ్వా. దేవుని మీద నాకు నమ్మకం లేదు గని, నీ మీద ఉన్నది," అంది హారిక నవ్వుతూ. బడిలో సైన్సు చెప్పే పిల్ల. ఎవరు పూజ చేయిస్తామన్నా కాదనదు, తను మాత్రం చెయ్యెత్తి మొక్కదు.

ఆ నవ్వుకు కరిగి సాయమ్మ నోరు జారింది. "మంచిగ ఇంటికొస్తే నీ జుట్టు ఇస్తనన్న."

దువ్వెన ఆగిపోయింది. "నన్ను అడిగినవా?"

"అడిగితే ఒద్దంటవు గద!"

"మొక్కేది నువ్వు, ఇచ్చేది నేనా?"

చాయ్ గ్లాసుతో కొడుకు శంకర్రావు బయటికొచ్చాడు. "మొక్కినంక తీర్చాలె. జుట్టేగా, మళ్ల వస్తది!"

"అయితే నీకున్న నాలుగెంట్రుకలు నువ్వియ్యి బాపూ!"

పక్కింటి సీమా పకపకా నవ్వింది. హారిక నవ్వలేదు. కళ్లు నిండాయి. "నా పేరు మీద మొక్కుకో అవ్వా, సంతోషమే. నా తల తాకట్టు పెట్టకు."

ఆ మాట సాయమ్మకు ముల్లులా దిగింది. పద్నాలుగేళ్లప్పుడు తనను అడక్కుండానే అయ్య తన పెళ్లికి మాటిచ్చాడు. ఎంత ఏడ్చిందని! ఇప్పుడు తను చేసిందీ అదే.

ఆపరేషన్ బాగా జరిగింది. అది చెడ్డ గడ్డ కాదని రిపోర్టూ వచ్చింది.

ఇంటికొచ్చిన రోజు హారిక మెల్లగా మెట్లెక్కి వచ్చేసరికి, గుమ్మంలో నున్నటి గుండుతో అవ్వ! అరవై ఎనిమిదేళ్లొచ్చినా నడుము దాటే జడ. తాత పెంటయ్య గ్రాంట్ రోడ్ నుంచి మల్లెలు తెచ్చి మురిసిన జడ.

"ఎల్లమ్మ తల్లీ, తప్పు మొక్కిన, నాది తీస్కో అన్న. ఊకున్నది. ఒప్పుకున్నట్టే గద!"

హారిక ఏడుస్తూ నవ్వుతూ ఆ గుండును ముద్దాడింది. సీమా జడలోని మల్లెల గజ్రా అడిగి తీసుకుని అవ్వ మణికట్టుకు చుట్టింది. "పద అవ్వా, అందరూ చూడనీ!"

ఇద్దరూ చేతులు పట్టుకుని గ్యాలరీ పొడవునా నడిచారు. ప్రతి గుమ్మం చప్పట్లు కొట్టింది. శంకర్రావు తన బట్టతల నిమురుకుంటూ పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

సాయమ్మ మాత్రం కొంగు తలమీదికి లాక్కోలేదు.