గాజు అడవిలో స్స్స్... హా

ఖతర్‌లో, అల్ ఘర్రాఫాలో ఒక పెద్ద విల్లా వెనక గాజు అడవి ఉంది, గాజు గోడల లోపల పెంచిన తోట. దానికి మంచి పేరు లేదు.

బయట ఎడారి సెగ. లోపల మాత్రం ఏయే దేశాల వాన అడవుల చెట్లో... పైపుల్లోంచి గంటకోసారి వాన. రాత్రి పదకొండు దాటిందంటే ఆ వానలో ఎవరో ఏడుస్తారట. "స్స్స్... హా... స్స్స్... హా..." తోటమాలి మౌలాలి అది విని, మూటాముల్లె సర్దుకుని కూలీల క్యాంపుకి పోయాడు. మళ్ళీ రాలేదు.

ఇది ఆ ఇంటి డ్రైవర్ గిరి నాకు చెప్పిన సంగతి. నేను అల్ సద్‌లో ఫోన్లు బాగుచేసే కొట్లో పని చేస్తాను. ఒక పొద్దున తడిసిన ఫోను నా చేతిలో పెట్టి, తడిసిన కోడిలా నిలబడ్డాడు.

ఆ అడవిలో ఒక అరుదైన పురుగుంది. సీతాకోకచిలుకకి పెద్దమ్మ లాంటిది... చేటంత రెక్కలు, రెక్కల కొసల్లో పాము తలకాయలు. చీకటి పడితేనే ఎగురుతుంది. గూడు చీల్చుకుని వచ్చాక వారమే బతుకుతుంది. తినడానికి నోరే లేదట! జత కోసం ఎదురుచూడటానికే పుట్టిందట... ఆ మాట విన్నాక రెండు రోజులు నాకు టీ కూడా దిగలేదు.

యజమాని లండన్‌లో ఉన్నాడు. "అది చచ్చేలోపు రెక్కలు విప్పిన ఫోటో పంపు. అప్పుడే సెలవు" అన్నాడు. గిరికి కడపలో కూతురు పుట్టింది. ఇంకా చూడలేదు. ఆదివారం పేరు పెట్టాలి. పురుగుకి అది ఆరో రాత్రి.

గిరి అడవిలోకి వెళ్ళాడు... కారులో వేలాడే నిమ్మకాయ తీసి మొలతాడుకి కట్టుకుని మరీ.

వాన మొదలైంది. ఆకులు... ఆకుల వెనక ఆకులు...

"స్స్స్... హా..."

కాళ్ళు ఆగిపోయాయి.

ఆకుల మధ్య తెల్లటి ఆకారం కూర్చుని ఉంది— మొహం ఉండాల్సిన చోట రెండు పాము తలకాయలు!

ఖతర్ దెయ్యం కదా, అరబ్బీలోనే బతిమాలాలనుకున్నాడు. "మేడమ్... మాఫీ ముష్కిల్... అనా డ్రైవర్..." వచ్చిన అరబ్బీ అంతే: 'పర్లేదు, నేను డ్రైవర్ని' అని.

ఆకారం కదిలింది. గుసగుసగా, అచ్చ తెలుగులో అంది—

"వేడివేడిగా ఉన్నాయి... రా..."

"అరబ్బీ దెయ్యమైతే ఓర్చుకుందును అబ్బీ" అన్నాడు గిరి నాతో. "సముద్రం దాటొచ్చినా మన దెయ్యమే పట్టుకునింది సూడు!"

వేలు ఎక్కడ నొక్కిందో తెలీదు. ఫ్లాష్ మెరిసింది. ఫోను మడుగులో పడింది. అందుకుని ఒకటే పరుగు.

నేను ఫోను విప్పి, ఆరబెట్టి, ఆన్ చేశాను. ఇద్దరం తెర మీదకి వంగాం. ఆఖరి ఫోటో...

నెత్తిన తెల్ల ప్లాస్టిక్ కవరు. ఒళ్ళో స్టీలు గిన్నె. నోటి దాకా ఎత్తిన మిరపకాయ బజ్జీ. బజ్జీ మీద రెక్కలు బార్లా చాపుకుని— ఆ పురుగు!

"ఈమె... మా వంట దయమ్మక్క గదా!"

అప్పటికప్పుడే ఆమెకి ఫోన్ చేశాడు, నా ఫోన్లోంచి.

"పిలుస్తుంటే అలా పరిగెట్టేవేంట్రా?" అంది దయమ్మ. నరసాపురం మనిషి. "వాన పడుతుంటే బజ్జీ తినకుండా ఎలా ఉంటాన్రా? కారం ఎక్కువై స్స్స్ అన్నాను. సారుకి తెలిస్తే నా ఉద్యోగం పోద్ది నాయనా!"

"ఫోటో పంపకుంటే నా సెలవు పోతాదక్కా..."

నేను ఫోటో కత్తిరించాను. కవరు పోయింది, దయమ్మ పోయింది, వేళ్ళు కూడా పోయాయి. పురుగు మిగిలింది. దాని కింద, పచ్చటి తొడిమతో సహా, బజ్జీ మిగిలింది.

పంపాం. పది నిమిషాలు... పదిహేను...

జవాబొచ్చింది. సెలవు ఇచ్చాడు! గిరి నవ్వబోయి, కింది ముక్క చదివి, స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆ బంగారు రంగు కాయ మన తోటలో ఎప్పుడూ చూడలేదు. ఇండియాదా? వచ్చేటప్పుడు ఇంకో రెండు మొక్కలు పట్టుకురా."