చౌడమ్మ గీసిన గీత

"అబద్ధం చెప్పను. దయచేసి వెళ్లండి," అంది అర్పిత.

మునీంద్ర కుర్చీలోంచి కదల్లేదు. పక్కనే అతని మేనమామ కూతురు సహన నవ్వాపుకోలేక దుపట్టా నోట్లో కుక్కుకుంది. ఉగాదికి ఈ ఇద్దరికీ పెళ్లి చేసి తీరతానని యలహంకలో వాళ్ల అవ్వ చౌడమ్మ పట్టుబట్టింది. మేనరికమైతే పిల్లలు అవకరంతో పుడతారని ఆస్పత్రివాళ్లు బెదిరిస్తే అవ్వ దిగొస్తుందని బావామరదళ్ల పన్నాగం. వంశపారంపర్య జబ్బుల మీద సలహాలిచ్చే జెనెటిక్ కౌన్సిలర్ అర్పిత దగ్గర ఆ పప్పులు ఉడకలేదు.

"జాలి చూపండి మేడమ్. చిన్నప్పుడు ఇది నా క్రేయాన్లన్నీ తినేసింది," అన్నాడు మునీంద్ర, సహనను చూపిస్తూ.

"రిస్క్ మామూలుకంటే కొంచెం ఎక్కువ. అయినా చాలామందికి పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. అవ్వకీ అదే చెప్తాను," అంటూ అర్పిత వాళ్ల కుటుంబం చార్టు గీయడం మొదలెట్టింది. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా. భార్యాభర్తల మధ్య ఒక గీత. వాళ్లు ముందే రక్తసంబంధీకులైతే రెండు గీతలు.

ఆ చార్టు ఎంతకీ పూర్తి కాలేదు. ప్రతి శనివారం మునీంద్రకు ఒక కొత్త చుట్టం గుర్తొచ్చేవాడు.

"కాడుగోడిలో మా చిన్నాయన ఉండాడు మేడమ్, మర్చిపోయినా."

"పోయిన వారమే రాశాం."

"ఆయన తమ్ముడు!"

"వాట్సాప్‌లో పంపొచ్చు కదా?"

"మా ఏరియాలో నెట్‌వర్క్ ఉండదు మేడమ్."

అర్పిత తలొంచుకుని మరో చదరం గీసింది. పెదవి చివర నవ్వు మాత్రం దాగలేదు.

చివరికి మనవడినీ మనవరాలినీ వెంటబెట్టుకుని చౌడమ్మే వచ్చింది. అర్పిత ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఇంతేనా? అయితే ముహూర్తం పెట్టిస్తా!" అంది అవ్వ.

"ఒక్క మాట అవ్వా. మీకు పుట్టి పోయిన బిడ్డలున్నారా?" అడిగింది అర్పిత, చార్టు ముందుకు లాక్కుని.

చౌడమ్మ గొంతు తగ్గింది. "తొలిచూలు మగబిడ్డ. గుండెలో రంధ్రం ఉండె. నన్ను మా మేనమామకే ఇచ్చినారు. బిడ్డ పోతే నా పాపమే అన్నారు తల్లీ."

"పాపం కాదవ్వా. అందులో మీ తప్పేమీ లేదు."

అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. ఇన్నేళ్లలో ఆ మాట ఆమెతో అన్నవాళ్లు లేరు. మునీంద్రకు అర్పిత మీద ఉన్న ఇష్టం ఆ క్షణాన ప్రేమై కూర్చుంది.

"నువ్వే చెప్పు. ఈ పెండ్లి చెయ్యల్నా, వద్దా?"

"అది నేను చెప్పేది కాదు. వాళ్లిద్దరినీ అడిగారా?"

అవ్వ వెనక్కి తిరిగింది. సహన తల అడ్డంగా ఊపింది.

"నాకు ఒక్క గీత చాలవ్వా," అన్నాడు మునీంద్ర, అర్పితనే చూస్తూ.

అర్పిత పెన్ను మూత కోసం బల్లంతా వెతకసాగింది. అది ఆమె చేతిలోనే ఉంది.

"మీదేవూరమ్మా?" అంది చౌడమ్మ.

"సర్జాపుర."

"మీ అమ్మోళ్లది?"

"ఆనేకల్."

"అవ్వోళ్లది?"

"హోసూరు పక్క."

"మాకూ మీకూ యా చుట్టరికమూ లేదు." చౌడమ్మ పెన్ను లాక్కుని, మునీంద్ర చదరం పక్కన వంకర సున్నా ఒకటి చుట్టి, మధ్యలో ఒక్కటే గీత లాగింది. "నువ్వు అబద్ధం చెప్పవంట కదా. వీడంటే ఇష్టమేనా?"

అర్పిత తలెత్తింది.

"ఇష్టమే అవ్వా. కానీ ఆ చిన్నాయనకు తమ్ముడు నిజంగా ఉన్నాడో లేడో ముందు చెప్పమనండి."