గేటు కాడి తెల్లచీర

చేవెళ్ల నుంచి మొయినాబాద్ వచ్చే తొవ్వల, పొలాల నడుమ నుంచి ఒక మట్టిబాట చీలుతది. ఆ బాట మీద సగం కట్టి ఇడిసిపెట్టిన రిసార్టు ఒకటున్నది. ఊరి పేరు మాత్రం నన్నడగకుండ్రి. ఆ ఊరోళ్లు, నేను రోజూ మొఖాలు చూసుకోవాలె.

పొద్దున్నంతసేపు అక్కడ మేకలు మేస్తయి. చీకటి పడ్డదంటే మనిషన్నోడు పోడు. ఆరేండ్ల సంది ఇదే కత. గేటు కాడ తెల్లచీర కట్టిన ఆడమనిషి నిలబడ్తదట. ఎవ్వరినీ ఏమనదట. గోడ దిక్కు మొఖం పెట్టి, ఉలకక పలకక... అట్లనే నిలబడ్తదట. తిరిగి మొఖం చూపించిందో, చూసినోడు ఇగ రక్తం కక్కుకొని సచ్చుడే.

ఇప్పటిదాక ఎవరు సచ్చిండ్రయ్యా అంటే ఒక్కడూ పేరు చెప్పడు. కానీ తెల్లారగట్ల టమాటలేసుకొని చేవెళ్ల మార్కెట్‌కు పోయే చిన్నయ్య ఆ గేటు కాడికెల్లి ఆటో ఎన్కకు తిప్పుకొని, సుట్టు తిరిగి పోయిండు. మూడు రోజులు జరంతోని మంచం దిగలె. అది నేను కండ్లార చూసిన.

అసోంటి బాటల, అసోంటి యాళ్లల, సమత ఒక్కతే బండి నూక్కుంట పోయింది.

ఎందుకు పోవాల్సొచ్చిందో చెప్త.

సమతకు ముప్పై మూడేండ్లు. మొయినాబాద్‌ల ఆడోళ్లకు స్కూటీ నేర్పిస్తది. పదేండ్ల సంది ఆమె కాడ నేర్చుకున్నోళ్లు ఆమె ముంగట్నుంచే బండ్లేసుకొని పోయిండ్రు. దవాఖాన డ్యూటీలకు, కాలేజీలకు, పట్నానికి. ఆమె మాత్రం మెహిదీపట్నం దాటింది లేదు. లోపల్లోపల అది ఆమెను తినేసింది. ఒకనాడు మ్యాపు పరుసుకొని గీత గీసింది... నేపాల్, చైనా, ఉజ్బెకిస్తాన్, రష్యా, జార్జియా, టర్కీ, అట్ల లండన్ దాక. బండి మీద. ఒక్కతే.

రెండేండ్లు కాయితాల కోసం తిరిగింది. వీసాలొచ్చినయి. బండికి సుత పాస్‌పోర్టు అసోంటి పుస్తకమొచ్చింది. చైనావాళ్లు ఒక్క తారీఖు ఇచ్చిండ్రు. ఆ రోజుకు నేపాల్ అవతలి బార్డర్ గేటు కాడ లేకుంటే పర్మిట్ పోయినట్టే. ఇంక ఆరు రోజులే ఉన్నయి.

అమ్మానాయిన ఎప్పుడో పోయిండ్రు. ఇంట్ల అన్న గోవర్ధన్, వదిన ఉమారాణి, సమత, ముగ్గురు. గోవర్ధన్ ఒకసారి సర్పంచ్‌కు నిలబడి ఓడిపోయిండు, మళ్ల నిలబడాలని తిరుగుతున్నడు.

"పెండ్లిగాని పిల్ల దేశాలు పట్టుకొని తిరిగితే, నేను ఓట్లడగనీకె ఏ మొఖం పెట్టుకొని పోవాలె?" అన్నడు.

అంతటితోని ఊకోలె. తెల్లారి పది గంటలకు ఆ బండిని ఎవరికో ఇచ్చేటట్టు మాటిచ్చిండు. మెయిన్ రోడ్డు మీద తన ఆఫీసు ముంగట నలుగురు పోరగాండ్లను పండవెట్టి, "బండి సప్పుడైతే నన్ను లేపుండ్రి" అని చెప్పిండు.

అంటే పోతే ఈ రాత్రే పోవాలె. లేకుంటే ఇగ ఈ జన్మల లేదు.

మెయిన్ రోడ్డు మూసుకపోయింది. మిగిలింది ఇంటెనక మట్టిబాట. అటు గోవర్ధన్ ఎవ్వరినీ కావలి పెట్టలె. అక్కడ వేరే కావలున్నదని ఊరందరికి ఎరుకే గదా.

నాలుగు కావస్తున్నది. బండికి రెండు దిక్కుల పెట్టెలు, ఎనక టెంటు, ఆ పైన బట్టల మూట. సప్పుడు బయటికి రావొద్దని ఇంజను పెట్టకుండ కిలోమీటరు నూకింది సమత. రాత్రి వాన పడి బాటంత బురద. చెమట కండ్లల్లకు కారుతున్నది. దెయ్యం సంగతి తలుసుకోవద్దు అనుకుంటనే తలుసుకున్నది.

గేటు కనబడ్డది.

అటు చూడొద్దనుకున్నది... చూసింది. ఎవ్వరు లేరు. హమ్మయ్య అనుకున్నది. ఆ నిమ్మళంలనే ముందు టైరు ఎడ్లబండ్ల గాడిల దిగవడ్డది. బండి ఒరిగింది. పట్టుకోబోయింది, బరువు ఆగలె. పెట్టెలతోని సహా దభీమని పడ్డది.

ఊర్ల కుక్కలు లేసినయి.

లేపబోయింది. లేవలె. నడుం ఒంచి మళ్ల లేపింది. జానెడు లేసి మళ్ల పడ్డది. మూడోసారి కాలు జారి తనే మోకాళ్ల మీద పడ్డది. తిరిగి చూస్తే ఊరి దిక్కు ఒక లైటు వెలిగింది — వాళ్లింటిదే. సమతకు ఏడుపు ఆగలె. బురదల కూసోని బండినే బతిమిలాడింది.

"లే తల్లీ... నీ కాల్మొక్త, లెవ్వే."

ఇంకొక్కసారి హ్యాండిల్ పట్టి గుంజింది.

బండి... లేస్తున్నది.

తన చేతులు ముందటున్నయి. ఎనకకెల్లి ఎవరో ఎత్తుతున్నరు.

"ఎన్కకు చూడకు..." గుసగుసగ, చెవి కాడనే వినబడ్డది. "నా మొఖం చూడకు."

చేతులు హ్యాండిల్‌కు అతుక్కపోయినయి. బండి నిలబడ్డది. స్టాండు ఎట్లేసిందో ఆమెకే తెల్వదు. ఎనక బురదల అడుగులు... పచ్ పచ్ మనుకుంట దూరం జరిగినయి. ఓరకంటికి తెల్లగ కనబడ్డది. గేటు కాడ. గోడ దిక్కు మొఖం.

తాళం తిప్పింది. ఇంజను అందుకున్నది.

"పో... జల్ది పో బిడ్డా. మంచిగ పోయేదానివి, నన్ను చూడకు."

బిడ్డా అన్నది. ఆ పిలుపు సమతకు చిన్నప్పటి సంది ఎరుకే. హ్యాండిల్ పక్కకు తిప్పింది. లైటు గోడ మీద పడ్డది.

"అత్తా?"

మేనత్త కృష్ణమ్మ.

ఇంట్ల ముగ్గురని మీకు చెప్పిన గదా, తప్పు చెప్పిన. నాలుగో మనిషి ఉన్నది. ఆ ఇంటోళ్లు ఎప్పుడు చెప్పినా ఆమెను కలుపరు, ఇని ఇని నాకు సుత అదే అలవాటైంది.

మొగడు సచ్చిపోయినంక కృష్ణమ్మ పుట్టింటికొచ్చింది. గోవర్ధన్ నామినేషన్‌కు బయలెల్లిననాడు మర్చిపోయి వాకిట్ల ఎదురైంది. ఆయన ఓడిపోయిండు. ఎవ్వరు కొట్టలె, తిట్టలె. ఉమారాణి ఒక్క మాటన్నది: "పొద్దుగాల పూట జర కనబడకుండ ఉండు అత్తమ్మా." గోవర్ధన్ రోజూ ఐదింటికే పని మీద పోతడు. అందుకని ఈమె మూడున్నరకే లేసి గీ పాడువడ్డ గేటు కాడికొచ్చి కూసుంటది. ఆయన పోయిండని తెలిసినంక ఇల్లు చేరుతది. నడుమ బాట మీద ఎవలన్న వస్తే, పాపం వాళ్ల శకునం చెడొద్దని గోడ దిక్కు తిరుగుతది. ఆరేండ్లాయె. ఇయ్యాల బాట మీద అలికిడైతే గోడ చాటుకు జరిగింది, బండి పడ్డది చూసి ఉండలేకపోయింది.

అత్త పొద్దుగాల ఎటు పోతదని సమత ఒక్కనాడు అడిగింది లేదు. అంతెందుకు, లైసెన్సు టెస్టుకు పోయిననాడు అత్త లోపలికి పోయేదాక తనే గడప కాడ ఆగింది. అది యాదికొచ్చి సిగ్గుతోని కుమిలిపోయింది.

"అత్తా, ఇటు తిరుగు."

"వద్దు బిడ్డా. నా మొఖం మన్నువడ, అంత దూరం పోయే పిల్లకు నేనే ఎదురైతి." కృష్ణమ్మ గోడకు తల ఆనిచ్చి ఏడుస్తున్నది. "ఇంటికి పో. కాళ్లు కడుక్కొని, జరసేపు కూసోని, మంచినీళ్లు తాగి మళ్ల బయలెల్లు. దోషం పోతది."

"ఇంటికి పోతే అన్న ఇడుస్తడా? ఇగ నేనేడికీ పోలేను అత్తా. సచ్చేదాక గీన్నే ఉంట."

సమత పోయి అత్త భుజాలు పట్టి బలవంతంగ తిప్పింది. ఆరేండ్ల సంది ఊరంత భయపడ్డ మొఖం. ఏడ్చి ఏడ్చి వాసిన ముసలి మొఖం, ముక్కుకు బురదంటుకున్నది. సమత అత్త కొంగుతోనే తుడిసింది.

"చూసిన. నాకేం కాలె."

అప్పుడే లైట్లు. ఊరి దిక్కుకెల్లి రెండు లైట్లు బాట మీదికి మళ్లినయి. గోవర్ధన్ జీపు.

రోడ్డెక్కాలంటే ఇంక అర కిలోమీటరు బురద. పెట్టెల బండి మీద జారుకుంట పోతే రెండు నిమిషాల్ల అందుకుంటడు. సమత ఉరికొచ్చి బండి పక్కనుంచే గేరేసింది, క్లచ్ జారింది, ఇంజను ఆగింది.

"అయిపాయె అత్తా..."

కృష్ణమ్మ ఆ లైట్ల దిక్కే చూసింది. చానసేపు చూసినట్టనిపించింది. నెత్తి మీది కొంగు తీసేసింది. కొప్పు ఇప్పింది. తెల్లెంట్రుకలు నడుం దాక పడ్డయి.

"బండెక్కు."

"నువ్వు?"

"నాకు పనున్నది. ఎన్కకు చూడకు."

బాట నడుమకెల్లి, జీపుకు ఎదురుంగ నడిసింది. ఎప్పుడూ అంచులు పట్టుకొని నడిసే మనిషి.

సమత బండెక్కి, మళ్ల ఇంజను పెట్టి కదిలిచ్చింది. ఏడ్సుకుంట, జారుకుంట, బురదల కాళ్లు ఈడ్సుకుంట పోయింది. ఎన్కకు చూడొద్దన్నది గని అద్దంల కనబడితే ఏం చేస్తది. జీపు లైట్లు వస్తున్నయి... వస్తున్నయి... ఆగినయి. ఆ ఎలుగుల తెల్లచీర, ఇప్పిన జుట్టు, పైకెత్తిన మొఖం. హారన్ మోగింది. కృష్ణమ్మ జరగలె. ఇంకో అడుగు ముందుకేసింది.

లైట్లు ఎన్కకు పోవట్టినయి. తిప్పనీకె జాగలేదు, అట్లనే రివర్సుల, ఊరు దాక.

సమత మొయినాబాద్ రోడ్డెక్కేసరికి మొదటి బస్సు పోతున్నది.

ఆ రాత్రి గోవర్ధన్ దెయ్యాన్ని చూసిండో, మేనత్తను చూసిండో, ఇప్పటిదాక ఎవ్వరికి చెప్పడు. ఏది చూసినా గాని, ఆయనసోంటోడు బండి ఎన్కకు తిప్పుకోవాల్సిందే గదా.