చీమలు పట్టిన సీసా

అత్తగారి మీద కేసు పెడదామని ఎస్సై వనజ చాలాసార్లు అనుకుంది. సెక్షన్ దొరకలేదు.

కామారెడ్డిలో ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టిన భూదవ్వ, ఎల్లారెడ్డికి కోడలి వెంట వచ్చాక కూడా వేళ్ళు ఊరుకోక కనబడినదల్లా దారంతో కట్టేస్తుంది. కొత్తిమీర విప్పాలంటే బ్లేడు కావాలి. ఫోన్ చార్జర్‌కు మూడు ముడులు. శుక్రవారం పేపర్లో కోడలి ఫోటో వస్తే, దాన్నీ చుట్టి దారం కట్టి బియ్యం డబ్బాలో దాచింది.

ఫోటో గొప్పదే. గురువారం మధ్యాహ్నం సిద్ధిరాములు కల్లు దుకాణం మీద దాడి. డ్రమ్ములకు డ్రమ్ములు పారబోశారు. అల్ప్రాజోలం పొడి ప్యాకెట్, సాక్రీన్ డబ్బా దొరికాయి. ఒకటి నిద్రమాత్రల్లో వాడే మందు, రెండోది చక్కెర లేని తీపి. రెండూ కల్లులో కలిపేవే. దుకాణానికి సీలు పడింది.

ఆదివారం పొద్దున ఆరు నలభైకి ఫోన్ మోగింది.

బీడీలు చుట్టే ఈరవ్వ, యాభై ఎనిమిదేళ్ళు, ఇంట్లో చచ్చిపడి ఉంది. పక్కన తునికాకు చాట. తల దగ్గర సగం ఖాళీ అయిన కల్లు సీసా. సీసా మూతి నిండా చీమలు.

వాకిట్లో కొడుకు తిరుపతి మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. గల్లీ అంతా అతన్నే చూస్తోంది.

"ఈ సీసా ఎవరు తెచ్చారు?" అంది వనజ.

ఎవరో తిరుపతి వైపు వేలు చూపారు.

"తిరుపతీ, నిన్నే."

"నేనే మేడం. నాగిరెడ్డిపేట దిక్కు నుంచి. చెట్టు కల్లే."

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం ఆరింటికి. మా అవ్వ వణుకుతుండె. కల్లు కల్లు అని ఒకటే కలవరిచ్చె. చూడలేకపోయిన."

సిద్ధిరాములు అప్పటికే అక్కడున్నాడు. బెయిల్ మీద శనివారమే బయటికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా.

"దొంగ కల్లు తాగిచ్చి సొంత తల్లిని సంపుకున్నడు," అన్నాడు పదిమందికీ వినబడేలా. "మా దుకాణం నడిచినన్ని రోజులు ఈ గల్లీల ఒక్కరన్న సచ్చిన్రా మేడం? మీరే చెప్పున్రి."

ఎవరో తిరుపతి మీదికి చెయ్యెత్తారు. కానిస్టేబుల్ అడ్డం పడ్డాడు. వనజ తిరుపతిని జీపెక్కించింది. అరెస్టుకో, కాపాడటానికో, ఆమెకే తెలియదు.

పదకొండున్నరకు ఆసుపత్రిలో డాక్టర్ నిహారిక గ్లవ్స్ తీసేసింది.

"నాలుక తెగింది. ఫిట్స్ వచ్చి పోయినట్టుంది."

"కల్లు ఎక్కువైందా?"

"తక్కువై ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ మందుకు అలవాటైన ఒళ్ళు. ఒక్కసారి ఆపేస్తే వణుకు, ఫిట్స్, కొందరికి ప్రాణాపాయం. కొద్దికొద్దిగా తగ్గించాలి, అదీ ఆసుపత్రిలో." గ్లవ్స్ బుట్టలో పడేసింది. "గురువారం మీకు ఫోన్ చేసి ఇదే చెప్పాను మేడం."

వనజకు గుర్తుంది. అప్పుడు పేపరతను కెమెరా సర్దుకుంటున్నాడు. "రెండ్రోజులు వణికితే అదే పోతది డాక్టర్‌గారూ," అని పెట్టేసింది. టోపీ కూడా సరిచేసుకుంది.

కానిస్టేబుల్ ముఖం చూడలేకపోయింది.

సాయంత్రం నాలుగింటికి అందరినీ ఈరవ్వ వాకిట్లోకి పిలిపించింది. తిరుపతి, సిద్ధిరాములు, పక్కింటి గంగామణి, గల్లీ జనం. కోడలు మధ్యాహ్నం అన్నం తినలేదని భూదవ్వ టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. వచ్చిన పని మరిచి, కార్ఖానా బందు ఉండటంతో ఈరవ్వ గంపలో మిగిలిపోయిన బీడీ కట్టలు తిరగేసింది.

"ఇవి గురువారానివి," అంది గంగామణి. "అవి శుక్కురారం. పైవి నిన్నటియి."

"గురువారానివి రాయి లెక్కున్నయి," అంది భూదవ్వ. "శుక్కురారంవి వదులు. నిన్నటియి చూడు, మూతే మడవలే, దారం ఊడిపోతుంది. ఇది తాగిన చెయ్యి కాదు బిడ్డా. వణికిన చెయ్యి."

వనజ సీసా పైకెత్తింది.

"సిద్ధిరాములూ, నీ కల్లుకు తీపి దేంతోటి వస్తది?"

"చెట్టుకే వస్తది మేడం."

"దాడిల దొరికిన సాక్రీన్ డబ్బా ఎందుకు మరి? సాక్రీన్ తీపికి చీమ రాదు. ఈ సీసాకు పొద్దున చీమలు బారులు కట్టినయి. తిరుపతి తెచ్చింది ఉత్త చెట్టు కల్లు. అందుల మందు లేదు. అందుకే సగం సీసా తాగినా ఆమె వణుకు ఆగలే. ఆమెను చంపింది ఈ సీసా కాదు. ఏండ్ల సంది నువ్వు కలిపిన పొడి."

"నేనెవ్వరి నోట్ల పోయలే మేడం. వాళ్ళే వచ్చి తాగిన్రు."

"పొడి ఉన్నదని చెప్పి పోసినవా?"

సిద్ధిరాములు కాలర్ సర్దుకున్నాడు. చూపు చెప్పుల మీదికి దిగింది.

"డాక్టర్ రిపోర్టుతో ఈ చావు నీ కేసులో చేరుతది. జీపెక్కు."

గంగామణి కొంగు చాటున చేతులు దాచుకుంటోంది. చేతులు దాగాయి గానీ కొంగు వణుకుతోంది.

"ఎన్ని రోజుల సంది అవ్వా?"

"నిన్నటి సంది," అంది గంగామణి నేల చూస్తూ. "సిగ్గయి చెప్పలే."

వనజ 108కు ఫోన్ చేసింది. తర్వాత డాక్టర్‌కు. "ఈ గల్లీ నుంచి పంపిస్తున్న. మంచాలు చూడండి. ఎంతమందో తెలియదు."

ఫోన్ పెట్టేసరికి తిరుపతి ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"మేడం, ఒక్క సంగతి చెప్పున్రి. ఆ మందు కల్లే ఎక్కడన్న దొరికిచ్చుకొని తెస్తే మా అవ్వ బతుకుతుండెనా?"

దూరంగా సైరన్. అది వచ్చేదాకా ఆగితే మాట అందులో కలిసిపోయేది. వనజ ఆగలేదు.

"ఆసుపత్రికి తీసుకపోతే బతుకుతుండె కావచ్చు. తీసుకపోవాల్నని మీకు ఎవ్వరు చెప్పలే. దుకాణం బంద్ చేసిన రోజే ఇంటింటికి చెప్పమని డాక్టరమ్మ నాకు ఫోన్ చేసింది. ఫోటో దిగే తొందరల నేను సరిగ్గ వినలే. తప్పు నీది కాదు తిరుపతీ. నాది."